కళ్లు కదిపితే గాయం మానుతుందా? వాకపల్లి అడిగే ప్రశ్న

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లికి కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. ఆరు నెలల్లో విచారణ ముగించమని సుప్రీంకోర్టు చెప్పింది 2017లో. ఆ తర్వాత కూడా ఐదేళ్లు దాటాక, 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నం ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న పోలీసులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని కూడా ఆ కోర్టే అంది, బాధితులకు పరిహారం ఇవ్వమంది. ఈ పదిహేనున్నరేళ్లలో ఆ స్త్రీలు అదే సంగతి ఎందరి ముందు చెప్పుకోవాల్సి వచ్చిందో ఆలోచించండి.

ఇలాంటి గాయాలకు ఈఎండీఆర్ అనే చికిత్స ఉందని ఈమధ్య తరచూ వింటున్నాం. బాధితురాలు జరిగినదాన్ని మనసులోకి తెచ్చుకుంటూ, ఎదుట అటూ ఇటూ కదిలే వేలిని కళ్లతో వెంబడిస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో 1987లో పార్కులో నడుస్తూ, కళ్లు అలా కదిలినప్పుడు తన చెడు ఆలోచనల పదును తగ్గడం గమనించారు. 1989లో తొలి అధ్యయనం అచ్చయింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఘోరం జరిగాక వెంటాడే మానసిక రుగ్మతకు (పీటీఎస్‌డీ) సూచించిన చికిత్సల్లో దీన్నీ చేర్చింది.

పని చేస్తుందా? చేస్తుంది. ఎంత, ఎందుకు అన్న దగ్గరే పేచీ. పిమ్ కైపర్స్ బృందం 2020లో 76 ప్రయోగాలను పరిశీలించింది. ఏ చికిత్సా అందనివారితో పోలిస్తే పీటీఎస్‌డీ ఉన్నవారికి బాగానే మేలు కనిపించింది. కానీ ఆ లెక్కకు ఆధారమైన 27 అధ్యయనాల్లో పక్షపాతానికి పెద్దగా తావులేనివి నాలుగే. మిగతా చికిత్సల కంటే ఇది మెరుగన్న ఫలితం, గట్టి అధ్యయనాలను మాత్రమే చూస్తే నిలవలేదు. కళ్ల కదలిక అవసరమే లేదని 2001లో డేవిడ్‌సన్, పార్కర్ తేల్చారు. కొంత అదనపు ఫలం ఉందని 2013లో లీ, కైపర్స్ అన్నారు. మా అంచనా ఇది: చికిత్స నిజం, కళ్లకు ప్రత్యేక మహిమ ఉందన్నది ఇంకా రుజువు కాలేదు.

అయితే మన్యంలో నిలబడి చదివితే వేరే చిక్కు కనిపిస్తుంది. మనసులో ఒక దృశ్యాన్ని పట్టుకుని మరో పని కూడా చేస్తుంటే ఆ దృశ్యం మసకబారుతుందని, ఈ చికిత్స అలాగే పని చేస్తుందని ఒక వివరణ. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన స్త్రీకి అదే దృశ్యం ఆధారం. అది మసకబారితే డిఫెన్స్ లాయరు ఊరుకుంటాడా? అలాగని కేసు తేలేదాకా ఆగమంటే పదిహేనేళ్లు చికిత్స వద్దన్నట్టే. బాధితుల చికిత్సను కేసు కోసం ఆపకూడదని ఇంగ్లండ్ ప్రాసిక్యూషన్ విభాగం 2022లో స్పష్టంగా చెప్పింది. మేమూ ఆ పక్షమే. సాక్షి జబ్బుపడి ఉంటేనే కేసు బతుకుతుందనే న్యాయం మాకు అక్కర్లేదు.

ముందు భద్రత, తర్వాతే జ్ఞాపకం జోలికి పోవాలని జుడిత్ హెర్మన్ 1992లోనే రాశారు. కూంబింగ్ ఆగని కొండల్లో 'ముందు' ఎప్పుడు వస్తుంది? అలా అని ఇక్కడివారికి ఈ చికిత్స పనికిరాదని అధికారులు మా మాటలు చూపి తప్పించుకోకూడదు. టర్కీ సరిహద్దు శిబిరంలో 70 మంది సిరియా శరణార్థులతో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ఇల్లూ ఊరూ పోయినవారికి కూడా మేలు కలిగింది.

ఇందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. దుబాసీగా మగవాణ్ని కూర్చోబెట్టుకుని ప్రతి వివరమూ వల్లించే బాధ తప్పుతుంది. కానీ 'మీ బాధ సున్నా నుంచి పది దాకా ఎంత' అనే మామూలు ప్రశ్నను కువి మాట్లాడే, బడికి వెళ్లని స్త్రీని ఎలా అడగాలి? ఆ పని ఆ భాష వచ్చినవాళ్లే చేయాలి. అరకు నుంచైనా పాడేరు నుంచైనా విశాఖ మానసిక వైద్యశాలకు వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ దారి. చికిత్సకు కూర్చోవాల్సింది ఒక్కసారి కాదు, చాలాసార్లు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ అసలు లేదు.

అట్రాసిటీ చట్టానికి 2016 నుంచి అమల్లో ఉన్న 15ఎ సెక్షన్, దర్యాప్తు, విచారణ సాగుతుండగానే బాధితులకు రక్షణ, దారిఖర్చులు, పునరావాసం ఇవ్వాలంటుంది. ఆ దారిఖర్చుల పక్కనే చికిత్స ఖర్చు, కువి వచ్చిన మహిళా సహాయకురాలి జీతం కూడా రాయాలి. తీర్పు వచ్చాక కాదు, ఫిర్యాదు తీసుకున్న రోజు నుంచే.