అధ్యక్షుడు లేని సభ

ఎన్నికల ప్రకటన వెలువడిన నాటి రాత్రియే నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను అనేక వాట్సాప్ గ్రూపులకు తాళములు పడును. పాఠశాల పూర్వవిద్యార్థులది కానిండు, వీధివారిది కానిండు, ఉపాధ్యాయులది కానిండు, గ్రూపును నడుపు అడ్మిన్ ఇకమీదట తాను తప్ప మరెవ్వరును సందేశములు పంపకుండ మీట నొక్కి, ఊపిరి పీల్చుకొనును. ఫలితములు వచ్చి, ఊరేగింపుల బాణసంచా చల్లారిన పిమ్మట గాని ఆ తాళము తీయబడదు. ప్రజలు తమ పాలకులను ఎన్నుకొను ఆ నెలన్నర కాలమే వారు మాటలాడుకొనుటకు వీలులేని కాలమగుచున్నది. టీకొట్టు బల్లమీద, బస్టాండు అరుగుమీద సంభాషణ యథాప్రకారము సాగుచునే యుండును. చదువుకొన్నవారు చేరిన చోటనే నోళ్లు మూతపడును.

అడ్మిన్లను నిందించుట సులభము. కాని వారి భయము బొత్తిగా నిరాధారము కాదు. గ్రూపులో ఎవడో యొకడు అర్ధరాత్రివేళ ఒక మతమునో కులమునో తూలనాడు వీడియోను పడవైచును. తెల్లవారునప్పటికి అది పది గ్రూపులకు పాకును. "నీ గ్రూపులో పుట్టినది గనుక కేసు నీపైననే" యని ఎవరో ఒకరు బెదరింతురు. అడ్మిన్ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడైనచో భయము రెట్టింపగును. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉద్యోగి రాజకీయములలో పాల్గొనరాదని శాసించుచున్నది. తాను ఏ పక్షమును పట్టకపోయినను, ఇతరుల రాజకీయ చర్చకు క్రమము చెప్పుట కూడ రాజకీయమే యగునేమో యని ఆయన సంశయము. సంశయము తీరు మార్గము కానక ఆయన చర్చనే మాన్పించును.

ఈ భయములో సగమును న్యాయస్థానములు ఇదివరకే తీర్చినవి. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనమును, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టును ఒకే మాట చెప్పినవి: సభ్యుడు పెట్టిన సందేశమునకు, ఇరువురును ముందుగా కూడబలుకుకొనిన దాఖలా లేనిదే, అడ్మిన్ నేరస్థుడు కాడు. సభ్యులను చేర్చుట, తొలగించుట తప్ప అతనికి గల అధికారము స్వల్పము. రాబోవు సందేశమును ముందుగా చదివి ఆపు ఉపాయము అతనిచేత లేదు. అయితే కేరళ తీర్పు వచ్చిన కొన్ని మాసములకే, 2022లోనే, ఇతరులు పెట్టిన సందేశమును అందరి ఫోన్లనుండియు తుడిచివేయు అధికారమును వాట్సాప్ సంస్థ అడ్మిన్లకు ఇచ్చినది. దానివలన చట్టములో రాదగిన మార్పు వచ్చునో రాదో న్యాయమూర్తులు చూచుకొందురు. లోకవ్యవహారములో మాత్రము ఒక సాకు పోయినది. "నా చేతిలో ఏమున్నది?" యని అడ్మిన్ తప్పించుకొనుటకు ఇక వీలులేదు.

తక్కిన సగము భయము చట్టమును పొడవుగా ఊహించుకొనుటవలన వచ్చినది. విద్వేష ప్రసంగము అను మాట నిత్యము వినబడుచున్నను దానికి భారతదేశపు చట్టములలో ప్రత్యేక నిర్వచనము లేదు. లా కమిషన్ 2017 మార్చిలో తన 267వ నివేదికలో ఇందుకై కొత్త సెక్షన్లను చేర్చవలెనని సూచించినది. అంతవరకు ఉన్నదెల్ల పాత శిక్షాస్మృతిలోని 153-ఎ, 295-ఎ, 505 సెక్షన్లు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో వాటి స్థానమున 196, 299, 353 సెక్షన్లు. ఎన్నికల వేళకు ప్రజాప్రాతినిధ్య చట్టములోని 125వ సెక్షను. వీటిలో ముఖ్యమైన వాని లక్ష్యము ఒక్కటే: మతము, కులము, భాష, ప్రాంతము పేరిట ఒక సమూహమునకును మరియొక సమూహమునకును నడుమ శత్రుత్వమును రేపుట. 1997లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టము చేసినది. రెండు సమూహముల ప్రసక్తి లేనిదే 153-ఎ వర్తింపదు.

అనగా ఈ చట్టము దృష్టిలో నాయకుడు ఒక సమూహము కాడు. పార్టీ సమూహము కాదు. ఎమ్మెల్యేను చేతకానివాడనుట, మంత్రి లెక్కలు చెప్పవలెననుట, ప్రభుత్వము కూలిపోవలెనని కోరుట విద్వేషము కావు. దళితుని, గిరిజనుని కులము పేరెత్తి బహిరంగముగా అవమానించుట వేరు సంగతి. దానికి 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము కలదు. అచ్చట అడ్మిన్ రెండవమారు ఆలోచింప నక్కరలేదు. ఈ రెంటి భేదము తెలియని అడ్మిన్ ఎమ్మెల్యేపై విమర్శను తుడిచివేసి, కులదూషణను "ఏదో సరదా" యని వదలివేయును. ఇట్టి విపరీతము అరుదు కాదు.

చట్టము ఇరుకైనదన్నంత మాత్రమున దాని వెలుపల నున్నదెల్ల మంచిమాట యని కాదు. ఇందుకు నంద్యాలయే నిదర్శనము. శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి 2017 మార్చిలో మరణింపగా ఆగస్టు 23న ఉపఎన్నిక జరిగినది. రాష్ట్రపు రాజకీయమంతయు ఆ పట్టణములో దిగినది. ఆ నెల మొదటివారమున జరిగిన సభలో ప్రతిపక్ష నాయకుడు వై.యస్. జగన్మోహనరెడ్డి, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు వంటివారిని నడిరోడ్డుపై కాల్చినను తప్పులేదను అర్థము వచ్చునట్లు మాటలాడుట పెద్ద వివాదమైనది. తెలుగుదేశమువారు ఎన్నికల సంఘమునకు ఫిర్యాదు చేసిరి. ఆ మాటలో మతము లేదు, కులము లేదు. విద్వేష చట్టపు గీటురాయిపై అది గీతయైనను పెట్టదు. ఇతర సెక్షన్లకు అది తగులునా యనునది న్యాయవాదుల చర్చ. కాని అదే మాటను మరునాడు వీధి గ్రూపులో ఒకడు తిరిగి పలికి, మరియొకడు దానికి తగిన జవాబు చెప్పబూనినపుడు, ఎదుటనున్న అడ్మిన్‌కు ఏ సెక్షను దారి చూపును?

రాయలసీమలో ఫ్యాక్షన్ అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. ఆళ్లగడ్డ చుట్టుప్రక్కల పల్లెలలో ఏ ఇల్లు ఏ నాయకునిదో పసిపిల్లలకు సైతము తెలియును. నాయకునిపై వేసిన రాయి అనుచరుని గడపను తాకును. ఢిల్లీలో కూర్చుండి చదువువానికి సాధారణ విమర్శగా తోచు వాక్యము ఇచ్చట రెండు వీధుల నడుమ రాకపోకలను ఆపగలదు. విపర్యయమును ఉన్నది. "బావా, ఈసారి మీవాని డిపాజిట్టు గల్లంతే, నీ అంతు చూతుము" అను మాట కాగితముపై బెదరింపుగా కనబడును; పలికినవాడును పడినవాడును ఆ సాయంకాలము ఒకే బల్లపై టీ త్రాగుదురు. ఏ మాట ఏ గడపకు తగులునో యంత్రమునకు తెలియదు, పోలీసు స్టేషను రైటరుకును తెలియదు. గ్రూపులో అందరినీ ఎరిగిన అడ్మిన్‌కు తెలియును. అందుచేత ఆతడు తాళము వేసి తప్పుకొనుట పెద్ద నష్టము.

సభను నడుపుట ఎట్లో నంద్యాల కొత్తగా నేర్చుకొనవలసిన పని లేదు. 1977లో కాంగ్రెసు ఆంధ్రప్రదేశ్‌లో 42 లోకసభ స్థానములలో 41 గెలుచుకొనగా, జనతా పార్టీకి దక్కిన ఒక్క స్థానము నంద్యాల. గెలిచినవాడు నీలం సంజీవరెడ్డి. ఆయన వెంటనే లోకసభ స్పీకరుగా, కొన్ని నెలలకు రాష్ట్రపతిగా ఎన్నికైనాడు. అంతకు పూర్వము 1967లో మొదటిసారి స్పీకరైనపుడు ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి తన కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చుట. అట్లు చేయవలెనని ఏ నిబంధనయు ఆయనను నిర్బంధింపలేదు.

స్పీకరు స్థానమును గురించి విద్యార్థులు ఒక విశేషమును గమనింపవలెను. రాజ్యాంగపు 105వ అధికరణము ప్రకారము పార్లమెంటులో సభ్యుడన్న మాటకు ఏ కోర్టును విచారణ జరుపరాదు. విద్వేష చట్టము కూడ ఆ గుమ్మము దాటదు. అయినను అచ్చట సభ నడచుచున్నది. అసభ్యమైన మాటను స్పీకరు రికార్డునుండి తొలగింపవచ్చును. తొలగించిన చోట చుక్కగుర్తులు వేసి, అధ్యక్షుని ఆజ్ఞపై తొలగింపబడినదని అడుగున వ్రాయుదురు. మాట పోవును గాని, పోయినదన్న సంగతి మిగులును. అంతకు మించి అల్లరి చేసినవానిని ఆ దినమునకు బయటకు పొమ్మనవచ్చును. ఇంకను వినకున్న పేరెత్తి సభచేత సస్పెండు చేయింపవచ్చును. శిక్షకు మెట్లు కలవు. వాట్సాప్‌లో కూడ అడ్మిన్ తుడిచినచోట ఫలానా అడ్మిన్ తొలగించినాడని ఒక పంక్తి నిలుచును. మన అడ్మిన్లకు ఆ పంక్తియన్నచో సిగ్గు కాబోలు. దానికన్న అందరి నోటికి తాళము వేయుటయే మేలని తలతురు.

చట్టము అడుగకున్నను పాటించిన మర్యాదలు కూడ ఈ సీమలో లేకపోలేదు. 1991లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు నంద్యాల లోకసభ ఉపఎన్నికలో నిలిచినపుడు, తెలుగువాడు ప్రధానియైనాడని తెలుగుదేశము అభ్యర్థిని నిలుపలేదు. 2014 ఏప్రిలులో ఆళ్లగడ్డ అభ్యర్థిని శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదములో మరణించినది. ఓటర్లు మరణించిన ఆమెనే గెలిపించిరి. ఆ ఏటి ఉపఎన్నికలో ప్రధాన ప్రత్యర్థులు పోటీకి దిగకపోగా ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవముగా ఎన్నికైనది. మూడేండ్లకే నంద్యాలలో ఆ సంప్రదాయము చెల్లలేదు. పోటీ చేయుట తప్పు కాదు. ఉపఎన్నికలలో పోటీయే లేకుండుట ప్రజాస్వామ్యమునకు మేలా కీడా యనునది వేరొక చర్చ. కాని అణకువ యన్నది కేసు భయమువలననే కలుగునను మాట ఈ ప్రాంతపు చరిత్రకు సరిపడదు.

పోలీసులకు అప్పగించిన అణకువ ఎట్లుండునో రాష్ట్రము చూచినది. అధికారము మారినపుడెల్ల, పాత ప్రభుత్వమును పొగడిన వ్రాతలు కొత్త ప్రభుత్వమునకు నేరములుగా కనబడినవి. ఇందులో రెండు పక్షములకును భేదము లేదు. సమాచార సాంకేతిక చట్టములోని 66-ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో అదే న్యాయస్థానము, మాటల ప్రభావమును ధైర్యము, నిబ్బరము గల మనుష్యుల దృష్టితో చూడవలెను గాని, ప్రతి విమర్శకును బెదరువారి దృష్టితో చూడరాదని చెప్పినది. ఇట్టి కేసులలో నిందితులను రిమాండుకు పంపుటకు ముందు సుప్రీంకోర్టు మార్గదర్శకములను పాటింపవలెనని 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులరు పంపినది. పెద్ద నాయకునికి కేసు ఒక పతకము వంటిది. చదువరియైన పిల్లవానికి అట్లు కాదు. ఎవరో పంపిన వీడియోను చూడకయే ముందుకు తోసిన పదునెనిమిదేండ్లవాడు ఉద్యోగపు విచారణలోను, పాస్‌పోర్టు విచారణలోను ఆ కేసు సంగతి ఏండ్ల తరబడి చెప్పుకొనవలసి యుండును. ఆ రాత్రి గ్రూపులో ఒక పెద్ద "ఇది తీసివేయి నాయనా, దీనిలో ఫలానా మాట తప్పు" అని యున్నచో వ్యవహారము అచ్చటనే ముగిసియుండెడిది.

తాళపు న్యాయము ఇచ్చటనే పుట్టినది కాదు. జర్మనీలో 2017లో చేసిన చట్టము, ప్రకటముగా చట్టవిరుద్ధమైన వ్రాతను ఫిర్యాదు అందిన 24 గంటలలో తొలగింపవలెనని పెద్ద సంస్థలను ఆదేశించి, లోపమునకు 5 కోట్ల యూరోల వరకు జరిమానా విధించినది. జరిమానా ఉంచుటకే గాని తుడుచుటకు లేనప్పుడు సంస్థలు అక్కరలేనివి కూడ తుడుచునని విమర్శకులు ఆనాడే అనిరి. ఆళ్లగడ్డ అడ్మిన్ లెక్కయు ఇదియే.

పాఠశాలలలో వక్తృత్వపు పోటీలు జరుగుచునే యున్నవి. అనుకూలముగా ఒకరు, ప్రతికూలముగా ఒకరు మాటలాడుదురు. బాగుగ మాటలాడినవానికి బహుమతి ఇత్తురు. అధ్యక్షస్థానమున మాత్రము ఎల్లప్పుడును ఉపాధ్యాయుడే. వక్తకు శిక్షణ కలదు, అధ్యక్షునికి లేదు. పదవ తరగతి విద్యార్థిని ఆ కుర్చీలో కూర్చుండబెట్టి, గంట ఎప్పుడు కొట్టవలెనో, ఏ మాటను వెనుకకు తీసికొమ్మనవలెనో, ఏ మాట కటువైనను సాగనీయవలెనో అతనికే విడిచిపెట్టి చూడవచ్చును. మొదట అతడు తన స్నేహితుని మాటను సాగనిచ్చి, గిట్టనివానిపై గంట కొట్టును. ఎందుకు కొట్టితివని సభయే అడుగును. కారణము చెప్పలేక తడబడును. రెండవమారు కారణమును ముందు వెదకుకొని పిమ్మట గంట తాకును. ఇందులో ప్రవర్తనా నియమావళికి విరుద్ధమైనది ఏమియు లేదు. అధ్యక్షుడు ఏ పక్షమునకును చేరడు గదా.

పెద్దల గ్రూపులలో ఈ పని ఇంకను సులభముగా మొదలు పెట్టవచ్చును. అనేకమంది అడ్మిన్ల ఫోనులో తమ ముఖము ఉండవలసిన చోట ఒక నాయకుని ముఖమో, ఒక పార్టీ జెండాయో ఉండును. ఎన్నికలు ముగియువరకు దానిని తీసివేసి, గ్రూపు తాళమును తెరచి ఉంచవచ్చును.