కోత చిన్నదే... మరి కోలుకునేదెలా?

పొట్టకు ఆపరేషనైతే భుజం నొప్పెందుకు? కీహోల్ సర్జరీ చేయించుకున్న చాలామందికి ఎదురయ్యే సందేహమిది. ఆసుపత్రి కర్నూల్లో, ఇల్లు నందికొట్కూరులో అయితే కంగారు ఇంకాస్త ఎక్కువ. దూరం సుమారు 30 కిలోమీటర్లే. కానీ అర్ధరాత్రి భుజం పీకేస్తుంటే 'గుండెనొప్పేమో' అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు.

అసలు సంగతేంటంటే... ఈ ఆపరేషన్‌లో కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను బుడగలా ఉబ్బిస్తారు. కెమెరా, పరికరాలు కదలడానికి చోటు కావాలిగా మరి! చివర్లో గ్యాస్ తీసేసినా కొంత మిగిలిపోతుంది. అది ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే డయాఫ్రమ్ అనే కండర పొరను చికాకు పెడుతుంది. ఆ పొర నుంచీ, భుజం నుంచీ వచ్చే నరాలు మెడ దగ్గర ఒకేచోట కలుస్తాయి. దాంతో మెదడు పొరబడి నొప్పి భుజానిదే అనుకుంటుంది. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

దీన్ని ముందే తగ్గించే మార్గాలూ ఉన్నాయి. గ్యాస్ ఒత్తిడిని సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం మేర ఉంచుతారు. వీలైనచోట ఇంకాస్త తగ్గిస్తే భుజం నొప్పీ తగ్గుతుంది. గ్యాస్‌ను వీలైనంత బయటికి పంపేయడం కూడా మేలు చేస్తుంది.

మనదేశంలో తొలిసారి 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహమ్టన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించారు. గాయం అలా చిన్నదైంది. ఆ తర్వాత, రోగి త్వరగా కోలుకోవడంపై డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దృష్టిపెట్టారు. ముందురోజు రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న నియమం అలాగే సడలింది. ఇప్పుడు చాలామందికి మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకూ నీళ్లు తాగనిస్తున్నారు. షుగరున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

మారాల్సింది ఇక మన ఇళ్లలోనే! 'పప్పు తింటే చీము పడుతుంది', 'కాలు కింద పెట్టొద్దు' అంటుంటారు పెద్దవాళ్లు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు ఇచ్చేవి అవే. నూనె, మసాలాలు కొన్నాళ్లు తగ్గిస్తే చాలు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుంది. అందుకే వీలైతే ఆపరేషనైన రోజే నాలుగడుగులు వేయించాలి.

అలాగని ప్రతి నొప్పినీ గ్యాసేలెమ్మని వదిలేయకూడదు. జ్వరం, ఆగని వాంతులు, అంతకంతకూ పెరిగే కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, పిక్క వాపు, ఛాతీనొప్పి, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. డిశ్చార్జి కాగితాలతోపాటు రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరూ అడిగి రాసుకోండి.