కార్డు లేని పిల్లలకు బడే దిక్కు

2020 ఏప్రిల్‌, లాక్‌డౌన్‌ రోజులు. ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు అడవి దారిన నడిచిపోతున్న కూలీల్లో 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఒకతె ఉంది. మూడు రోజులు నడిచి, ఊరు ఇక దగ్గర్లోనే ఉందనగా ప్రాణం విడిచింది. ఎండ, ఆకలి, లాక్‌డౌన్‌ అంటూ అప్పట్లో చాలా రాశారు, చాలా మాట్లాడారు. ఆరో తరగతిలో ఉండాల్సిన పిల్ల మిరప కోతలో ఎందుకుంది, ఆమె అక్కడున్న సంగతి దగ్గర్లోని ఏ బడికైనా తెలుసా అని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు ఈ రోజుకీ జవాబు లేదు. ప్రమాదం అక్కడే ఉంది.

ఏటా వరి కోతలు కాగానే ఒడిశాలోని బలంగీర్‌, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరతాయి. కూలీలను కుదిర్చే సర్దార్‌ దగ్గర అడ్వాన్స్‌ తీసుకుని రంగారెడ్డి, సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి, పెద్దపల్లి జిల్లాల ఇటుక బట్టీలకు చేరతాయి. వానలు పడేదాకా అక్కడే కాపురం. కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, మంత్రాలయం వైపు జనం ఆ రోజుల్లోనే గుంటూరు పత్తి, మిరప చేలకు సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, పోతారు. బట్టీలో అడ్వాన్స్‌ ఒక మనిషికిచ్చేది కాదు, మొగుడు, పెళ్లాం, పిల్ల కలిసిన జట్టుకు ఇస్తారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. పచ్చి ఇటుకలను తిరగేసి ఆరబెట్టే పని పిల్లల మీద పడుతుంది. వీళ్లు మా కూలీలు కారు, తల్లిదండ్రులకు సాయం చేస్తున్నారు అంటాడు యజమాని. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళ కాని సమయంలో సొంత కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని చేర్చిన వెసులుబాటు ఇలాంటి సాకుకు ఊతమిచ్చింది. యజమాని బట్టీ కూలి కుటుంబ వృత్తి ఎలా అవుతుంది?

ఈ కుటుంబాలకు రేషన్‌ కార్డు లేదని కాదు. ఉంది, సొంతూళ్లో ఉంది. ఒకే దేశం ఒకే రేషన్‌ కార్డు పథకం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు తొలి జోడీల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణలే. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి. కానీ కార్డు మీద వచ్చే బియ్యం ఇంటి దగ్గర మిగిలిన ముసలివాళ్లకూ కావాలి. మట్టి పిసికి అరిగిన వేలిముద్ర మిషన్‌కు అందకపోవచ్చు. బట్టీ నుంచి రేషన్‌ షాపుకు పోయిరావాలంటే ఒక పూట కూలి పోతుంది. ఇక రాష్ట్రాల సొంత పథకాలు స్థానికులవి. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు రావాలంటే ఇక్కడి రేషన్‌ కార్డు ఉండాలి. ఇంత సంక్షేమం మధ్య, ఆరేళ్లు దాటిన పిల్లను కార్డు అడగకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టాల్సిన చోటు ఒక్కటే మిగిలింది. అది సర్కారు బడి. 2013 ఆహార భద్రత చట్టం మధ్యాహ్న భోజనాన్ని పిల్లల హక్కుగా రాసింది, అమ్మానాన్నల ఊరితో దానికి పని లేదు.

అందుకే బడి గడప దగ్గర కాగితాలు అడగడం మొదలైతే భయపడాలి. 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా ఉంది. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకునేలా చూడటం స్థానిక సంస్థల విధి అని తొమ్మిదో సెక్షన్‌లో విడిగా రాశారు. బడిలో చేరడానికి ఆధార్‌ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇన్ని ఉన్నా ఆచరణలో మాట ఒక్కటే: ఆధార్‌ తెండి, పాత బడి నుంచి ఆన్‌లైన్‌లో పేరు తీయించుకుని రండి. బలంగీర్‌లోని బడి నుంచి పేరు తీయించడం బట్టీలో ఉన్న తండ్రి వల్ల అవుతుందా? ప్రధానోపాధ్యాయులను నిందించి లాభం లేదు. లెక్కలో లేని పిల్లకు పెట్టిన భోజనానికి రేపు ఎవరికి జవాబు చెప్పాలో అన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని తీయాల్సింది విద్యాశాఖ. పేరు ఆన్‌లైన్‌కు ఎక్కే దాకా హాజరు పట్టీలో రాసి, అన్నం పెట్టండని ఒక ఉత్తర్వు చాలు.

మంచి ప్రయత్నాలు జరగలేదని కాదు. బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా తెలిసిన వలంటీర్లతో బడులు నడిచాయి. 2017లో రాచకొండ పోలీసులు భువనగిరి బట్టీల్లో పిల్లలను పని నుంచి విడిపించాక అక్కడ బడులు తెరిపించారు. కర్నూలు జిల్లాలో పిల్లలను ఊళ్లోనే ఉంచుకునే సీజనల్‌ హాస్టళ్లున్నాయి. ఇవన్నీ ఒక అధికారి పట్టుదల మీద, ఒక ఏడాది నిధుల మీద నిలబడినవి. ఆ అధికారి బదిలీ అయితే బడీ పోతుంది. కుటుంబం లారీ ఎక్కాక తెరిచిన హాస్టల్‌ ఎవరికీ అక్కరకు రాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలాన్ని మనం అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. తెలంగాణలో బడులు ఏప్రిల్‌ చివర మూసి జూన్‌ 12 ప్రాంతంలో తెరుస్తారు. బట్టీలు ముమ్మరంగా నడిచేది ఆ ఎండల్లోనే. నాలుగు నెలలు బడిలో తిన్న పిల్ల ఆ ఏడు వారాలూ ఇటుకల మధ్యకు పోతుంది. సెలవుల్లో భోజనం కొత్త ఆలోచన కాదు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. బట్టీల మండలాలకు దాన్ని వర్తింపజేయడానికి అడ్డేమిటి?

బడి తనంతట తాను చేయగలిగినవీ ఉన్నాయి. వలస వచ్చిన వారంలోనే ఒక ఉపాధ్యాయుడు బట్టీ దాకా వెళ్లి గుడిసె గుడిసెకూ పిల్లల పేర్లు రాసుకోవాలి. చంకలో చెల్లినో తమ్ముడినో ఎత్తుకుని వచ్చే ఆడపిల్లను వెనక్కి పంపకూడదు. ఆ పసిబిడ్డను వద్దన్న బడి ఆ ఆడపిల్లనూ వద్దన్నట్టే. అంగన్‌వాడీని బడి ప్రాంగణంలో పెట్టిన చోట ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. బలంగీర్‌ పిల్ల ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, ఊరి బడిలో చదివింది ఒడియా, ఇక్కడ వినేది తెలుగు. ఆ పిల్ల మౌనంగా కూర్చుంటే మొద్దు అని రాసెయ్యకూడదు. ఆరోగ్య పరీక్షలకు బృందం వచ్చిన రోజు ఈ పిల్లలు బడిలో ఉండేలా చూడాలి.

ఒక హెచ్చరిక. పిల్ల ఒంటి మీద దెబ్బలు కనిపించినా, అప్పు తీరేదాకా కదలనివ్వరన్న మాట చెవిన పడినా ముందుగా యజమానికి చెప్పడం అతి పెద్ద పొరపాటు. తెల్లారేసరికి ఆ కుటుంబం వేరే బట్టీలో ఉంటుంది. చెప్పాల్సింది పిల్లల హెల్ప్‌లైన్‌ 1098కి, ఆర్డీవోకు, కలెక్టర్‌కు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద విడిపించే అధికారం ఆర్డీవో, కలెక్టర్‌లదే.

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లోని గొత్తికోయ ఆదివాసీల సంగతి ఇంకా కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం నాటి హింసకు తాళలేక 2005 నుంచి ఇటు వచ్చినవాళ్లకు తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే బడిలో చేరిన పిల్లలకూ కుల ధ్రువపత్రం దగ్గర దారి మూసుకుపోతోంది. వాళ్లు సీజన్‌ అయ్యాక వెళ్లిపోయేవాళ్లు కారు.

ఈసారి బట్టీలు మొదలయ్యేలోగా రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ప్రతి మండల విద్యాధికారికి తన పరిధిలోని బట్టీల, తోటల జాబితా ఇవ్వాలి. ఏ బట్టీ పిల్లలు ఏ బడి బాధ్యతో అందులో రాసి ఉండాలి. జూన్‌లో తిరిగివెళ్లే ప్రతి పిల్ల చేతికీ ఏ తరగతిలో ఎన్ని రోజులు కూర్చుందో తెలిపే సంతకం చేసిన పత్రం ఇవ్వాలి, నకలు ఒడిశాలోని బడికి పంపాలి. సొంతూరి రిజిస్టర్‌లో ఆ పిల్లను బడి మానేసినట్టు రాయకుండా ఆపగలిగేది ఆ పత్రమే.