లింగమయ్య రమ్మన్నాడు, తొక్కుకుంటూ రమ్మనలేదు

"దేవుడి దగ్గరికి పోతూ కష్టం గురించి మాట్లాడతారా?" సలేశ్వరం మాటెత్తితే చాలు, మా ఇంట్లో మగవాళ్లు అనే మొదటి మాట ఇదే. నా గొడవ కష్టం గురించి కాదు. ఎండలో నడవడం, రాళ్ల మీద దిగడం మొక్కులో భాగమే అనుకుందాం. పక్కవాళ్ల మోచెయ్యి గుండెల్లో గుచ్చుకుని ఊపిరాడకపోవడం ఏ మొక్కులో ఉంది?

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, పులుల అభయారణ్యం లోపల, లోయ అడుగున గుహలో ఉంటాడు లింగమయ్య. తెలంగాణ అమర్‌నాథ్ అంటారు. చైత్ర పౌర్ణమికి జాతర, పూజారులు చెంచులే. బండ్లు ఆగిన చోటు నుంచి కొన్ని కిలోమీటర్ల నడక. చివర్లో ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఇరుకు దారి. దిగేవాళ్లు వస్తున్నామని, ఎక్కేవాళ్లు పోతున్నామని లింగమయ్యకు కేకేసి చెప్తారు. ఇద్దరికీ దారి ఒక్కటే. ఆ రెండు కేకలూ ఎదురుపడే చోటే ప్రమాదం. 2023 ఏప్రిల్ జాతరలో ఆ రద్దీలోనే భక్తుల ప్రాణాలు పోయాయి.

ఆ ఇరుకులో ఎక్కువ నలిగేది ఎవరో మనకు తెలుసు. చంకలో పిల్ల, భుజాన సద్ది సంచి, కాళ్లకు అడ్డం పడే కుచ్చిళ్లు, చెయ్యి పట్టుకున్న అత్తగారు. మగవాడు బండ పట్టుకుని పక్కకు ఎగబాకుతాడు, మనం ఏ చేత్తో పట్టుకోవాలి? పైగా దారిలో మరుగుకు చోటుండదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా నడిచే ఆడవాళ్లు ఎంతమందో! కళ్లు తిరిగి కూలబడితే వెనకవాళ్లకు తెలియదు, నెడుతూనే ఉంటారు. (గుంపులో చేతులు వేసే వెధవల గురించి ఇంకోసారి విడిగా రాస్తాను.) ఇంతా చేసి కిందికి చేరితే జలపాతం కింద కళ్లు మూసుకుని నిలబడే తీరిక ఉండదు, "కదలండి కదలండి" అన్న అరుపులే.

జనం పెరిగితే అధికారులు చేసిందేమిటి? అడవికి ఇబ్బందని జాతర రోజులు కుదించారు. పులుల ప్రశాంతత నాకూ కావాలి. కానీ వచ్చేవాళ్లను తగ్గించకుండా రోజులు తగ్గించడమంటే, అవే బియ్యం చిన్న గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టడం. పొంగక ఏం చేస్తుంది?

లెక్కపెట్టి పంపితే భక్తికి అవమానమట. అసలు అమర్‌నాథ్‌కే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, డాక్టరు సర్టిఫికెట్ చూపించాలి. కర్ణాటకలో కుక్కె దగ్గర కుమార పర్వతం మీద 2024 జనవరిలో జనం బారులు తీరిన వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాక, అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ టికెట్ పెట్టి రోజుకు ఇంతమందే అంది. సరదాకి కొండెక్కే కుర్రాళ్లకున్న లెక్క, బిడ్డనెత్తుకుని మొక్కు తీర్చుకునే తల్లికి ఎందుకుండకూడదు?

ఫోన్ లేని ముసలమ్మ ఏం కావాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. అచ్చంపేట బస్టాండులో, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కాగితం టోకెన్లు ఇవ్వండి. చెంచులకు మాత్రం టోకెన్ అడగకండి, అది వాళ్ల ఇల్లు. ఒక గుంపు పైకొచ్చాకే ఇంకో గుంపును దింపండి. మూలమలుపుకో మనిషిని పెట్టండి. తడికెలు కట్టి ఆడవాళ్లకు మరుగు చెయ్యండి, దానికేం కోట్లు కావాలి?

ఈ చైత్రానికి మీ ఇంట్లో కారు మాట్లాడుతుంటే, పౌర్ణమి రోజే పోవాలన్న పట్టు ఎవరిదో అడగండి. మా ఇంట్లో నేను చెప్పేశాను. రద్దీ లేని వేళ చూసి బయల్దేరితే వస్తాను. లేదంటే సద్ది కట్టిస్తాను, మీరు పోయి రండి.