మూడో కిలోవాట్‌తో లాభమెంత?

నరసరావుపేట ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం డాబా మీద కాలు పెట్టలేం. ఆ ఎండతోనే కరెంటు బిల్లు తగ్గించుకోవచ్చు కదా అంటే, తగ్గించుకోవచ్చు. కానీ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలన్న దగ్గరే అసలు లెక్కంతా ఉంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు సబ్సిడీ ఇస్తారు. మొత్తం 78 వేలు. అందుకే అందరి చూపూ మూడు కిలోవాట్ల మీదే. మా నాన్నదీ అదే మాట: "వచ్చే సబ్సిడీని వదులుకుంటామా?" మిర్చి అమ్మిన డబ్బులు మరి, ఊరికే పెట్టేయలేం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను.

మా వాడకం నెలకు సగటున 300 యూనిట్లు. మన రాష్ట్రంలో 2025-26 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలే. తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. ఈ లెక్కన మా ఎనర్జీ ఛార్జీలు 1,673 రూపాయలు.

కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 120 వస్తాయనుకుందాం. సోలార్ ముందు కోసేది పై స్లాబులో ఖరీదైన యూనిట్లనే. కాబట్టి మొదటి కిలోవాట్‌తో నెలకు 926 రూపాయలు మిగులుతాయి. రెండోదానితో 600. మరి మూడోదానితో? 147!

కిలోవాట్ ధర 60 వేలు అనుకుంటే, సబ్సిడీ పోను మొదటిదాని ఖర్చు మూడేళ్లలోపే తిరిగొస్తుంది. రెండోదానికి నాలుగేళ్లు దాటుతుంది. మూడోదానికి మనం పెట్టే 42 వేలు వెనక్కి రావడానికి దాదాపు 24 ఏళ్లు! ప్యానెల్ వారంటీయే మామూలుగా 25 ఏళ్లు. 18 వేల సబ్సిడీ కోసం 42 వేలు ఇరికించుకోవడం ఎందుకు? ఆ డబ్బు బ్యాంకులో వేసినా నయమే. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి "సరే, రెండు చాలు" అన్నారు.

ఇందులో ట్రూఅప్, సుంకం కలపలేదు. అవి కలిపితే ఇంకాస్త మిగలొచ్చు. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం ఎలాగూ కట్టాల్సిందే. రెండు ఏసీలు తిరిగే ఇంట్లో మూడో కిలోవాట్ కూడా గిట్టుబాటే. నెలకు 120 యూనిట్లే కాల్చేవాళ్లకు ఎనర్జీ ఛార్జీలే 400 లోపు, తొందరేం లేదు.

ఇంకో రెండు మాటలు. సబ్సిడీ ప్యానెళ్లు బిగించాకే ఖాతాలో పడుతుంది, కాబట్టి ముందు మొత్తం డబ్బు మనమే సర్దుకోవాలి. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు.

కొటేషన్ అడిగే ముందు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. ఎన్ని కిలోవాట్లు కావాలో మీ యూనిట్లే చెబుతాయి.