నయమైతే పసరు మహిమ, కాకపోతే తలరాత

కామెర్లు వస్తే శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది పసరు. పరగడుపున నేల ఉసిరి నూరి మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి తాగిస్తారు. ఉప్పు, కారం, నూనె మాన్పిస్తారు. రెండు మూడు వారాలకు కళ్ళలో పచ్చదనం తగ్గుతుంది. పసరు పనిచేసిందని ఊరంతా చెప్పుకుంటుంది.

చెప్పేవాళ్ళు అబద్ధమాడటం లేదు, వాళ్ళు చూసింది నిజమే. అయితే కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. అదే హెపటైటిస్ ఈ గర్భిణికి వస్తే ప్రాణం మీదికి రావచ్చు. హెపటైటిస్ బీ కొందరిలో ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోతుంది. కళ్ళు పచ్చబడటం అన్నిట్లోనూ ఒకటే. ఏది ఏదో తేల్చేది రక్తపరీక్ష.

నేల ఉసిరిని శాస్త్రం చూడకుండా కొట్టిపారేసిందనడం తప్పు. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళకు దాన్ని ఇచ్చి చూసి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంత ఆశ పుట్టించే ఫలితం! తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో మాత్రం అది మళ్ళీ రాలేదు. దీన్ని నేను సిగ్గుపడాల్సిన సంగతిగా చూడను. ఓడిపోయే అవకాశాన్ని ఒప్పుకుని బరిలోకి దిగడమే శాస్త్రం చేసే పని.

మన నమ్మకాలకు ఆ అవకాశమే లేదు. రాహుకేతు పూజకు దేశం నలుమూలల నుంచీ శ్రీకాళహస్తికి వస్తారు. గ్రహణమప్పుడు మిగతా గుళ్ళు మూసినా ఇక్కడ తలుపులు తెరిచే ఉంటాయి. పూజ తర్వాత పెళ్ళి కుదిరితే దోషం పోయిందంటారు. కుదరకపోతే దోషం బలమైనదని ఇంకో పరిహారం వెతుకుతారు. కుదరనివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. పూజతో పోయేది డబ్బూ కాలమూ. ఇదే అలవాటు మందుల దగ్గరికి వస్తే పోయేది కాలేయం.

కరోనా కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. రోగనిరోధక శక్తి పెరుగుతుందన్నారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురు అది తాగాక కాలేయం దెబ్బతిని ఆస్పత్రికి చేరారు. మరుసటేడాది ఆ వివరాలు వైద్యపత్రికలో వచ్చాయి. 2022లో హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యుడు ఆనంద్ కులకర్ణి బృందం దేశంలోని 13 కేంద్రాల నుంచి ఇలా కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించింది. తాగడం మొదలుపెట్టిన నాటి నుంచి లక్షణాలు బయటపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 46 రోజులు. చాలామందిలో శరీరపు రక్షణ వ్యవస్థే సొంత కాలేయం మీద దాడి చేస్తున్న ఆనవాళ్ళు కనిపించాయి. ఏ శక్తిని పెంచుకోవాలని తాగారో అదే ఎదురు తిరిగిందన్నమాట.

తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన మరో తీగతో పొరబడి ఉండొచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పింది. ఆ మాటే నన్ను మరింత కలవరపెడుతుంది. వేపచెట్టు మీది తీగ కోసుకొచ్చే ఇల్లాలికి ఈ రెంటికీ తేడా ఎవరు చూపిస్తారు?

పేగులు పీల్చుకున్నదాంట్లో అధికభాగం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికే చేరుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. ఆ క్రమంలో కొన్ని పదార్థాలు మరింత హానికరంగా మారతాయి. అది ఆకుపసరా, ఫ్యాక్టరీ మాత్రా అన్నది కాలేయానికి పట్టదు. పదార్థం ఏది, మోతాదు ఎంత, తిన్నవాళ్ళ జన్యువులు ఎలాంటివి అన్నవే లెక్కకొస్తాయి.

పసుపునే చూడండి. కూరలో వేసిన పసుపులోని కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. దానికి మిరియాల్లోని పైపరిన్ జోడిస్తే మనుషుల్లో ఆ మోతాదు 2,000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. ఇప్పుడు ఎన్నో కంపెనీలు ఈ రెంటినీ కలిపి క్యాప్సూల్‌గా అమ్ముతున్నాయి. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు అమెరికా వైద్యులు ప్రచురించారు. వారిలో ఒకరు చనిపోయారు, ఏడుగురిలో ఒకే జన్యురకం కనిపించింది. తాతముత్తాతల నుంచీ తింటున్నామన్న వాదన కూరకు చెల్లుతుంది, క్యాప్సూల్‌కు చెల్లదు. గ్రీన్ టీ సారం, అశ్వగంధ మాత్రల విషయంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

ఇక కాలేయాన్ని శుభ్రం చేస్తామనే మాత్రల మీద నాకు నిజంగా కోపం. శుభ్రం చేయడం కాలేయం పని, దాన్ని కడిగే మాత్ర లేదు. అలాంటి మాత్రల్లో వాడే సిలిమరిన్‌ను 154 మంది హెపటైటిస్ సీ రోగుల మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదని 2012లో తేలింది. సప్లిమెంట్లు మన దగ్గర ఆహార చట్టం కింద అమ్ముడవుతాయి. కొత్త మందుకు అడిగినట్టు రోగుల మీద పరీక్షల రుజువు వీటికి అడగరు.

పసర్లతో, మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవాళ్ళలో చాలామంది వాటిని మానేస్తే కోలుకుంటారు. మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్ళంతా దురద పెట్టినా, ఆకలి చచ్చిపోయినా తాగుతున్న పసరూ మాత్రలూ ఆ పూటే ఆపాలి. తిరుపతిలో రుయా ఆస్పత్రికి వెళ్ళినా, స్విమ్స్ ఆస్పత్రికి వెళ్ళినా ఏం తాగారో దాచకండి. తిడతారని భయపడి దాచేవాళ్ళే ఎక్కువ. కసురుకోకుండా ఆ ప్రశ్న అడగటం వైద్యుల బాధ్యత. తాగిన మందు డబ్బానో, నూరిన ఆకు కొమ్మనో వెంట తీసుకెళ్ళండి.