శెనక్కాయకు గొంగళి దండు, కూలీకి మందు డబ్బా

చిత్తూరు పడమటి మెట్టల్లో ముంగారు వానకు శెనక్కాయ విత్తుతారు. అదే వానకు నేలలో నిద్రావస్థలో ఉన్న ఎర్ర గొంగళి పురుగు రెక్కలొచ్చి రాత్రిళ్లు పైకి లేస్తుంది. వందల గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు కొన్నాళ్లు ఆకు అడుగున గుంపుగానే ఉంటాయి, ఆ ఆకులు ఏరేస్తే సరి. బొచ్చు పెరిగినాక మందుకు సరిగా లొంగవు, ఒక చేను నున్నగా మేసి దండు కట్టి పక్క చేనికి నడుస్తాయి. ఒకరు మందు కొట్టి పక్కవారు ఊరకుంటే ఏం లాభం?

వేసవి లోతు దుక్కి, వాన పడిన రాత్రి ఊరంతా ఒకేసారి గట్ల మీద మంటలు, చేను చుట్టూ కాలువ. ఇవి తెలియనివి కావు. వీటికి మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి. చిన్న రైతు దగ్గర ఆ డబ్బు లేదు. అంగడివాడు మందు మాత్రం అప్పుకిస్తాడు! ఆ డబ్బా వీపున మోసేది కూలీ. ముక్కుకు తువ్వాల చుట్టుకొని, ఉత్త కాళ్లతో నేనూ కొట్టినోణ్ణే. రెండు రోజులు తల తిరిగింది. 1971 పురుగుమందుల నిబంధనల్లో రక్షణ దుస్తుల మాట ఉంది. మా పల్లెల్లో ఆ దుస్తులు నేనింతవరకు చూడలేదు.

ముంగారుకు ముందే గ్రామసభలో అడగాలి: మంటలకు, కాలువలకు ప్రభుత్వం కూలి ఇస్తుందా, లేదా?